సెంటున్నర స్థలంలో సంసారం, ఆరోగ్యం



ఈ మధ్య చాలామంది యువతీయువకులు ఫోనుల్లో చిన్న ఇళ్ళ బొమ్మలు చూసి ముచ్చటపడుతున్నారు. అమెరికాలో కొందరు పెద్ద ఇల్లు అమ్మేసి, చక్రాల మీద నిలబెట్టిన చెక్క ఇంట్లోకి మారి, పక్కన నాలుగు మడులు కూరగాయలు, నాలుగు కోళ్ళు పెట్టుకుని నిరాడంబరంగా బ్రతుకుతున్నారట. అక్కడి ఇళ్ళ నిర్మాణ నియమాల్లో 400 చదరపు అడుగులు, అంతకు లోపు ఉన్న ఇంటిని 'టైనీ హౌస్' అని పిలుస్తారు. ఆ లెక్క విన్నప్పుడు నాకు మన కాలనీలు గుర్తుకొచ్చాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు నుండి పేదలకు పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు చొప్పున ఇళ్ళ స్థలాలు పంచారు. అందులో కట్టుకోమన్న ఇల్లు 340 చదరపు అడుగులు. ఆ తరువాత 2025లో, కొత్తగా ఇచ్చేవారికి పల్లెల్లో 3 సెంట్లు, పట్టణాల్లో 2 సెంట్లు ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. అయితే ముందే కట్టుకున్నవారు ఆ సెంటున్నరలోనే ఉన్నారు. అమెరికా వారి లెక్కలో చూస్తే మన కాలనీలన్నీ టైనీ హౌసులే! కాకపోతే అక్కడ ఆ ఇంట్లో ఒకరో ఇద్దరో ఉంటారు, కోరి వెళ్ళి ఉంటారు. ఇక్కడ అత్తమామలతో కలిపి ఆరుగురు ఉంటారు. వారిని ఎవరూ కోరిక అడగలేదు.

నిరాడంబర జీవితం అనగానే చదువుకున్నవారు హెన్రీ డేవిడ్ థోరో పేరు చెబుతారు. ఆయన 1845లో అమెరికాలో కాంకర్డ్ అనే ఊరి దగ్గర, వాల్డెన్ చెరువు గట్టున, 10 అడుగుల వెడల్పు 15 అడుగుల పొడవు ఉన్న గది స్వయంగా కట్టుకుని రెండేళ్ళ రెండు నెలలు ఉన్నాడు. చిక్కుళ్ళు పండించుకున్నాడు. మన గాంధీగారు కూడా ఆయన రాతలు చదివారు. ఇవన్నీ మంచి మాటలే. కానీ ఆ థోరో 1862లో, 44వ ఏట, క్షయవ్యాధితో మరణించాడు. నేను నర్సును కాబట్టి నా కన్ను ముందు అక్కడికే పోతుంది. సాదాగా బ్రతికినంత మాత్రాన జబ్బు దరిచేరదని అనుకోవడానికి లేదు. అలాగే ఇల్లు చిన్నదైనంత మాత్రాన జబ్బు రావాలనీ లేదు. ఆ చిన్న ఇంట్లో పొగ ఎటు పోతుంది, గాలి ఎటు నుంచి వస్తుంది, నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయి, కూరాకు ఎక్కడి నుంచి వస్తుంది అనేవి చూసుకోవాలి. మా వార్డులకు వచ్చే కేసుల్లో సగం కథ అక్కడే తెలిసిపోతుంది.

పొగ, గాలి

చాలా ఇళ్ళకు ఇప్పుడు గ్యాసు ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది, 2016 నుండి కేంద్రం వారి ఉజ్జ్వల వచ్చింది. అయినా మా కమ్యూనిటీ హెల్త్ సిస్టర్లు ఇళ్ళకు వెళ్ళినప్పుడు చూస్తున్నది ఏమిటంటే, సిలిండరు టీకీ, చుట్టాలు వచ్చినప్పటికీ దాచుకుంటారు. అన్నం, స్నానానికి నీళ్ళు కట్టెల పొయ్యి మీదే. వానాకాలం రాగానే ఆ పొయ్యి ఇంట్లోకి వస్తుంది. సిలిండరు ధర చూస్తే వారిని తప్పు పట్టలేము. కానీ ఇంటి పొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పొగలో పెరిగే చిన్నపిల్లలకు న్యుమోనియా వచ్చే ప్రమాదం దాదాపు రెండింతలు. ఒక్క గది ఇంట్లో పసిబిడ్డ ఉయ్యాల పొయ్యికి నాలుగడుగుల దూరంలో ఉంటుంది, ఇంకెక్కడ ఉంచుతుంది ఆ తల్లి?

అందుచేత కట్టెల పొయ్యి తప్పనివారు దాన్ని ఇంటి గోడకు బయట, చిన్న పంచ దించుకుని పెట్టుకోవాలి. బిడ్డను ఎత్తుకుని పొయ్యి దగ్గర కూర్చోవద్దు. కట్టెలు ఎండినవై ఉండాలి, పచ్చి కట్టె సగం పొగే.

గాలి సంగతికి వస్తే, మిషన్ ఆసుపత్రులకు సంబంధించిన ఒక మంచి మనిషిని తలచుకోవాలి. లారీ బేకర్ ఇంగ్లండులో పుట్టిన ఆర్కిటెక్టు, క్వేకరు విశ్వాసి. 1945లో కుష్టురోగుల సేవ చేసే మిషనుతో పనిచేయడానికి మన దేశం వచ్చారు. కేరళకు చెందిన డాక్టరమ్మను వివాహం చేసుకుని, హిమాలయాల్లో పిథోరాగఢ్ దగ్గర ఆసుపత్రి కట్టి సంవత్సరాల తరబడి సేవచేశారు. తరువాత కేరళలో స్థిరపడి, 2007లో మరణించే వరకు పేదలకు తక్కువ ఖర్చు ఇళ్ళు కట్టారు. ఇంటికి కావలసిన సామాను చుట్టుపక్కల అయిదు మైళ్ళలో దొరికేదై ఉండాలని గాంధీగారు చెప్పిన మాట ఆయన జీవితమంతా పట్టుకున్నారు. ఆయన గోడల్లో ఇటుకకూ ఇటుకకూ మధ్య ఖాళీ వదిలి కట్టే జాలీ గోడ ప్రసిద్ధి. కిటికీకి చెక్క, ఇనుము, అద్దం కావాలి, జాలీకి అవేమీ అక్కర్లేదు, ఇటుక కూడా తక్కువే పడుతుంది. గాలి రాత్రీపగలూ ఆడుతుంది, దొంగ దూరలేడు. కాలనీ ఇల్లు ఇంకా కట్టుకుంటున్నవారు వంట మూల గోడలో పైభాగం మూడడుగులు జాలీ పెట్టమని మేస్త్రీని అడగండి. దోమల కోసం లోపలివైపు నెట్ కొట్టుకుంటే సరిపోతుంది.

ఇప్పటికే కట్టుకున్నవారు చేయవలసింది ఇంకా సులువు. కిటికీకి అడ్డం పెట్టిన బీరువా జరపండి. నవ్వకండి! క్షయ రోగుల ఇళ్ళకు వెళ్ళినప్పుడు మా సిస్టర్లు ఎక్కువగా చేసే పని అదే. రెండే కిటికీలు ఉంటాయి, ఒకదానికి బీరువా, రెండోదానికి దుప్పటి. క్షయ క్రిములు దగ్గినప్పుడు గాలిలో కలిసి, మూసిన గదిలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి. ఎదురెదురు కిటికీలు తెరిస్తే పలుచబడి బయటికి పోతాయి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోవాలి. పరీక్ష, మందులు ఉచితం. పోషణ కోసం ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుండి నెలకు 1000 చేశారు. బ్యాంకు ఖాతా నంబరు ఇవ్వనందుకు ఆ డబ్బు రానివారు మా దగ్గరే ఉన్నారు, దయచేసి అడిగి ఇప్పించుకోండి.

మూడువందల అడుగుల దొడ్డి

పోయిన సంవత్సరం ఒక చెల్లి ఏడో నెల గర్భంతో మా ఆసుపత్రికి వచ్చింది. ఆయాసం, కాళ్ళ వాపు. హిమోగ్లోబిన్ 6.8. గర్భిణికి 11 ఉండాలి. 7 లోపు ఉన్న తల్లికి కాన్పులో కాస్త రక్తం ఎక్కువ పోయినా ప్రాణానికే ముప్పు. వార్డులో ఉంచి, సెలైనులో ఐరన్ ఎక్కించారు. కాన్పు నాటికి 10 దాటింది. తల్లీబిడ్డా క్షేమం, దేవునికి స్తోత్రం.

డిశ్చార్జి ముందు ఆమెను ఏం తింటావమ్మా అని అడిగాను. అన్నం, చారు, పచ్చడి. వారానికి ఒకసారి సంతలో టమాటాలు, బంగాళదుంపలు తెచ్చుకుంటారు. ఆకుకూర తెస్తే మర్నాటికి వాడిపోతుంది కాబట్టి తీసుకోరు. "మా అమ్మగారింట్లో దొడ్డి ఉండేదండీ, నాకు పెళ్ళయ్యేదాకా కూర కొన్న జ్ఞాపకం లేదు" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. పాత పల్లెలో ఇల్లు పూరిదైనా వెనుక దొడ్డి ఉండేది. కాలనీకి వచ్చాక గోడలు పక్కావి అయ్యాయి, దొడ్డి పోయింది.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. పదిమంది అక్కచెల్లెళ్ళు చర్చిలో వరుసగా కూర్చుంటే అందులో ఆరుగురు అన్నమాట.

సెంటున్నర అంటే సుమారు 653 చదరపు అడుగులు. ఇంటికి 340 పోతే ఇంకా 300 పైచిలుకు మిగలాలి. ఆ చెల్లి ఇంటికి మా సిస్టరు వెళ్ళి చూస్తే ఆ మిగిలిన చోట ఇల్లు కట్టగా మిగిలిన రాళ్ళు, కంకర, సిమెంటు సంచులు ఉన్నాయి. ఆమె భర్త మేస్త్రీ దగ్గర కూలీ. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన, ఆయన తమ్ముడు కలిసి రాళ్ళన్నీ ఒక పక్కకు ఎత్తి, చెరువు మట్టి రెండు తోపుడు బండ్లు పోసి, ఎరువు కలిపారు. ఖాళీ సిమెంటు సంచుల్లోనూ మట్టి నింపారు.

ఏం వేశారో చెబుతాను. వెనుక మూలకు ఒక మునగ కొమ్మ. మునగ ఇంటి ముందు ఉండకూడదని అత్తగారు అభ్యంతరం చెప్పారట. వానాకాలం మునగకు గొంగళి పురుగులు పడతాయి, ఒంటికి తగిలితే దద్దుర్లు. ఆ నమ్మకానికి మూలం అదేనని నా అనుమానం. కనుక అత్తగారి మాట మన్నించి వెనుకనే వేశారు. స్నానాల గది నీళ్ళు పారే చోట ఒక అరటి పిలక, నాలుగు చామ దుంపలు. దడి మీదికి తీగ బచ్చలి. సంచుల్లో గోంగూర, వంగ, మిరప. మిగిలిన మడిని నాలుగు భాగాలు చేసి వారానికి ఒక భాగంలో తోటకూర విత్తనం చల్లారు. తోటకూర 25, 30 రోజుల్లో కోతకు వస్తుంది కాబట్టి అలా వంతులవారీగా చల్లుకుంటే ప్రతి వారం ఒక మడి లేతగా సిద్ధంగా ఉంటుంది. ఒకేసారి అంతా చల్లితే పది రోజులు తిన్నంత తిని, తరువాత నెల ఎదురుచూడాలి. పెరడు వేసి విసిగి మానేసినవారిలో చాలామంది చేసేది ఇదే.

పోషకాహారం సంగతి చూసే జాతీయ పోషకాహార సంస్థ మన హైదరాబాదులోనే ఉంది. పెద్దవారికి రోజుకు సుమారు 100 గ్రాముల ఆకుకూర ఉండాలని వారి సలహా. ఒక మనిషికి గుప్పెడు పెద్ద కట్ట అనుకోండి. ఆరుగురు ఉన్న ఇంటికి 300 అడుగుల పెరడు రోజూ అంత ఇవ్వలేదు. వారానికి మూడు నాలుగు రోజులు ఇస్తే అదే గొప్ప.

ఇక్కడ నేను ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆకుకూరలు తింటే చాలు, మాత్రలు అక్కర్లేదని కొందరు ప్రచారం చేస్తున్నారు. నేను ఒప్పుకోను. ఆకుకూరల్లో ఇనుము ఉంది, కానీ అందులో మన ఒంటికి పట్టేది కొంచెమే. ఆ చెల్లికి రక్తం పెరిగింది సెలైనులో ఎక్కించిన మందు వల్ల. ఇప్పుడు మళ్ళీ పడిపోకుండా ఉన్నది ఐరన్ మాత్రలు మానకపోవడం, పెరడు, వారానికి నాలుగు గుడ్లు, ఇవన్నీ కలిసి. గర్భిణి 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు రోజుకొక ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవాలి. విరేచనం నల్లగా రావడం చూసి భయపడి మానవద్దు. పప్పు దించాక నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది, అన్నం తిన్న వెంటనే టీ తాగితే పోతుంది. కనీసం గంట ఆగండి.

గుడ్ల కోసం నాలుగైదు నాటుకోళ్ళు పెట్టుకోవచ్చు. గూడు మాత్రం బయట ఉండాలి. పిల్లలు పడుకునే గదిలో మంచం కింద గంప బోర్లించి కోళ్ళను ఉంచడం మంచిది కాదు. ఏమైందో తెలియకుండా చచ్చిన కోడిని కోసుకు తినవద్దు.

అటక మీది సీసా

చిన్న ఇంట్లో అన్నిటికంటే నాకు భయం కలిగించేది పురుగుమందు. కౌలుకు ఎకరం, అరెకరం చేసుకునేవారికి వేరే కొట్టం ఉండదు. స్ప్రేయరు, మందు సీసా, కిరోసిను, బియ్యం డబ్బా అన్నీ ఆ గదిలోనే. కొట్లో విడిగా కొన్న మందును కూల్ డ్రింకు సీసాలో పోసి తెస్తారు. మూడేళ్ళ పిల్లవాడికి అది కూల్ డ్రింకే. అలా వచ్చిన పిల్లల్లో కొందరిని దేవుడు మాకు తిరిగి ఇచ్చాడు. అందరినీ ఇవ్వలేదు. ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని చర్చిలో ఎవరూ పలకరు. భార్యాభర్తలు మాటామాటా అనుకున్న రాత్రి ఆ సీసా చేతికి అందే దూరంలో ఉండడం వల్ల పోయిన ప్రాణాలు ఎన్నో. కోపం అరగంటలో చల్లారేదే. సీసా ఇంట్లో లేకపోతే ఆ అరగంట గడిచిపోయేది.

కనుక మందు ఇంట్లో ఉంచవద్దు. తాళం వేసే ఇనుప పెట్టె పొలం దగ్గరో, నలుగురు రైతులు కలిసి ఒక చోటో పెట్టుకోండి. పెరటి కూరలకు ఆ మందు అసలే కొట్టవద్దు, వేపగింజల కషాయం, పొయ్యి బూడిద చాలు. ఎవరైనా మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. బట్టలు విప్పి ఒళ్ళు సబ్బుతో కడిగి, సీసాతో సహా ఆసుపత్రికి తీసుకురండి. సీసా చూస్తే డాక్టరుగారికి సగం పని తేలిక.

నీళ్ళు, ఎండ, పాములు

నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే కాలనీలో డ్రమ్ములు తప్పవు. డెంగీ దోమ మంచి నీటిలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో దోమ అవుతుంది. అందుకే వారానికొకసారి డ్రమ్ము పూర్తిగా వంచి, లోపలి గోడలు పీచుతో రుద్దాలి. పాత చీర గుడ్డ కట్టి మూయాలి. మరుగుదొడ్డి కట్టేవారు సెప్టిక్ ట్యాంకు కంటే రెండు గుంతల పద్ధతి చూడండి. ఒకటి నిండాక రెండోదానికి మళ్ళించి, మొదటిదాన్ని కనీసం ఏడాదిన్నర మూసి ఉంచితే అందులోది వాసన లేని ఎరువు అవుతుంది, చెట్లకు వేసుకోవచ్చు. తాగునీటి బావికి, బోరుకు కనీసం 10 మీటర్ల దూరం ఉండాలి.

సిమెంటు రేకుల ఇల్లు ఏప్రిల్, మే నెలల్లో పెనం లాంటిదే. రేకుల మీద తెల్ల సున్నం రెండు పూతలు వేస్తే లోపల తేడా తెలుస్తుంది. మన పెద్దలు ఇంటి మీదికి సొర, గుమ్మడి పాదు ఎక్కించేవారు. కూరా దక్కేది, ఇల్లూ చల్లబడేది. రెండవ రాజుల గ్రంథం 4వ అధ్యాయంలో షూనేము స్త్రీ ఎలీషా ప్రవక్త కోసం మేడ మీద కట్టించిన చిన్న గది మీకు గుర్తుండే ఉంటుంది. ఒక మంచం, ఒక బల్ల, ఒక పీట, ఒక దీపం, అంతే సామాను. చిన్న గదిని శుభ్రంగా ఉంచుకోవడానికి నేను మా విద్యార్థినులకు ఆ పట్టికనే చెబుతాను. అదే అధ్యాయంలో ఆమె కుమారుడు కోతల వేళ పొలంలో తలనొప్పి అని, మధ్యాహ్నానికల్లా తల్లి ఒడిలో చనిపోతాడు. అది వడదెబ్బ అయి ఉంటుందని చాలామంది అభిప్రాయం. ప్రవక్త ప్రార్థనకు దేవుడు ఆ బిడ్డను బ్రతికించాడు. మనం మాత్రం పిల్లలను పదకొండు దాటాక ఎండలో ఉంచకుండా ఉంటే మేలు.

కట్టెల మోపు, ఇటుకల గుట్ట ఇంటి గోడకు ఆనించి పెట్టవద్దు. ఎలుక చేరుతుంది, ఎలుక కోసం పాము. కట్లపాము రాత్రివేళ నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది, నొప్పి కూడా తెలియదు. తెల్లవారి కళ్ళు మూతలు పడుతుంటే గాని అనుమానం రాదు. మంచం లేకపోతే దోమతెర అంచులు చాప కిందకు దోపుకుని పడుకోండి. కరిస్తే కట్లు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం చేయకుండా, నడిపించకుండా, 108కి ఫోను చేయాలి. పామును చంపి తేవలసిన పని లేదు.

ఇల్లు వెంట తిరిగేవారు, తిరిగి పల్లెకు వచ్చేవారు

చక్రాల ఇళ్ళు మనకు కొత్త కాదు. కోతలయిన పొలాల వెంట బాతులు తోలుకు తిరిగేవారు, గొర్రెల మందలతో వెళ్ళేవారు, ఇటుక బట్టీల దగ్గర గుడిసె వేసుకునేవారు నెలల తరబడి పట్టా కప్పుల కిందే కాపురం చేస్తారు. వారికి నేను చెప్పేది ఒక్కటే, బిడ్డ టీకాల కార్డు ప్లాస్టిక్ కవరులో పెట్టి డబ్బుల సంచితో పాటు దాచుకోండి. ఏ ఊళ్ళో ఉన్నా ఆ ఊరి సబ్ సెంటరులో టీకా వేస్తారు, సొంత ఊరు వెళ్ళేదాకా ఆగనక్కర్లేదు.

రిటైరయ్యాక, లేదా 2020 లాక్‌డౌన్ తరువాత, పట్నం విడిచి పది కుంటలు కొనుక్కుని చిన్న ఇల్లు వేసుకున్నవారు కూడా మా ఓపీకి వస్తున్నారు. సంతోషం. మట్టి పని మనసుకు మంచిదని నేనూ నమ్ముతాను. కానీ ప్రకృతి ఒడిలోకి వచ్చాం కదా అని బీపీ, షుగరు మాత్రలు మానేసి పక్షవాతంతో వచ్చినవారిని చూశాను. మాత్రలు మానకండి. చెప్పులు లేకుండా మడిలో దిగవద్దు, ధనుర్వాతం టీకా పదేళ్ళు దాటి ఉంటే మళ్ళీ వేయించుకోండి. స్థలం చూసుకునేటప్పుడు బోరులో నీళ్ళు ఎంత ఉన్నాయని అడిగినట్టే, అర్ధరాత్రి 108 బండి గేటు దాకా వస్తుందా అని కూడా చూసుకోవాలి.

ప్రతి బుధవారం టీకాల రోజున మా ఆసుపత్రి వెనుక తోటలో తల్లులకు మునగ కొమ్మ, కరివేపాకు మొక్క, తోటకూర విత్తనం ఉచితంగా ఇస్తున్నాము. కొమ్మ మూడడుగులు ఉంటుంది, బస్సులో తెచ్చుకోవడానికి ఇబ్బంది లేదు. వానలు పడే వరకు రెండు పూటలా నీళ్ళు పోయాలి. సంచీ మాత్రం మీరే తెచ్చుకోవాలి.